చేతికి లొంగిన అసాధ్యం: ఎమ్.సి. ఎషర్ చెక్క, రాయి, రాగిరేకు

నీళ్లు పైనుంచి దూకుతాయి, మిల్లు చక్రాన్ని తిప్పుతాయి, ఇటుక కాలువ వెంట మలుపులు తిరుగుతూ పోతాయి. పోయి పోయి మళ్లీ దూకిన చోటికే చేరతాయి. ఈ బొమ్మ ఎవరో ఒకరి ఫోన్లో అందరి కంటా పడే ఉంటుంది. కంప్యూటర్లో చేశారనో, ఈ మధ్య వచ్చిన ఏఐ పనితనమనో అనుకునేవారే ఎక్కువ. నిజానికి అది 1961 అక్టోబరు నాటిది. నెదర్లాండ్స్‌లోని బార్న్ అనే చిన్న ఊళ్లో ఉంటూ, సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి అచ్చు తీయించిన బొమ్మ. గీసింది మౌరిట్స్ కార్నెలిస్ ఎషర్.

క్లుప్తంగా: ఎషర్ (1898–1972) గణితవేత్త కాదు, పెయింటర్ కూడా కాదు. అచ్చుబొమ్మలు చేసే గ్రాఫిక్ కళాకారుడు. చెక్క అచ్చు, ఎన్‌గ్రేవింగ్, లితోగ్రఫీ, మెజోటింట్ పద్ధతుల్లో 448 ప్రింట్లు, రెండు వేలకు పైగా డ్రాయింగులు చేశారు. 1936 దాకా ఆయన బొమ్మలు ఎక్కువగా ఇటలీ ప్రకృతి దృశ్యాలు. ఆ తర్వాతవి అల్లిక బొమ్మలు (ఖాళీ మిగలకుండా ఒకదానిలో ఒకటి అమరే రూపాలు), అసాధ్యమైన కట్టడాలు. ఈ మార్పు వెనుక రాజకీయం, ప్రయాణం, అన్నగారి సలహా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా అచ్చు పని నేర్పిన క్రమశిక్షణ ఉంది.

ఇంజనీరు ఇంట్లో పరీక్ష తప్పిన కొడుకు

1898 జూన్ 17న లేవార్డెన్‌లో పుట్టారు. తండ్రి జార్జ్ ఆర్నాల్డ్ ఎషర్ సివిల్ ఇంజనీరు. 1873 నుంచి కొన్నేళ్లు జపాన్ ప్రభుత్వం పిలుపు మీద అక్కడి నదుల, రేవుల పనులు చూసిన మనిషి. మౌరిట్స్ చివరి కొడుకు, ఇంట్లో పిలుపు మౌక్. 1903లో కుటుంబం ఆర్న్‌హెమ్‌కు మారింది. స్కూల్లో అబ్బాయి చదువు అంతంతమాత్రం, చివరి పరీక్ష తప్పాడు. గణితంలోనూ గట్టివాడు కాదని తానే తర్వాత చెప్పుకున్నారు. లినోలియం మీద చెక్కి అచ్చు తీయడం మాత్రం ఆ స్కూలు డ్రాయింగ్ మాస్టారి దగ్గరే పట్టుబడింది.

1919లో ఆర్కిటెక్చర్ చదవడానికి హార్లెమ్‌లోని వాస్తు, అలంకరణ కళల పాఠశాలలో చేరారు. అక్కడ గ్రాఫిక్ కళ చెప్పే సామ్యూల్ యెసురున్ దె మెస్కిటా ఈ కుర్రాడి పని చూసి, ఆర్కిటెక్చర్ వదిలేసి తన విభాగానికి రమ్మన్నారు. ఎషర్ 1922 దాకా అక్కడే నేర్చుకున్నారు. గురువుతో రాకపోకలు ఆ తర్వాత కూడా ఆగలేదు.

చదువుకునే రోజుల్లోనే, 1922లో, 'ఎనిమిది తలలు' అనే చెక్క అచ్చు చేశారు. ఒకే దిమ్మ మీద ఎనిమిది తలలు: నాలుగు నిలువుగా కనిపిస్తాయి, కాగితం తిప్పితే మిగతా నాలుగు నిలబడతాయి. దిమ్మను పక్కపక్కనే అద్దుకుంటూ పోతే ఎక్కడా ఖాళీ మిగలదు. ఆయన తర్వాతి నలభై ఏళ్ల పనికి విత్తనం ఇందులోనే ఉంది. అయితే మొలకెత్తడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఇటలీ: కొండ ఊళ్లు, పదును తేరిన చెయ్యి

1922లో ఇటలీ, స్పెయిన్ తిరిగారు. గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటను మొదటిసారి చూసింది అప్పుడే. 1923లో రవెల్లోలో యెట్టా ఉమికర్ పరిచయమైంది, 1924లో పెళ్లి, ఆపైన రోమ్‌లో కాపురం. 1935 దాకా ఏటా వసంతంలో దక్షిణ ఇటలీ కొండల్లో కాలినడకన తిరిగి స్కెచ్‌లు గీసుకోవడం, చలికాలంలో వాటిని అచ్చులుగా మార్చడం. ఆదాయం అంతంతే, తల్లిదండ్రులు పంపే డబ్బే ఆసరా. యాభై దాటేదాకా ఆ ఆసరా పూర్తిగా వదల్లేదు.

ఈ కాలాన్ని చాలామంది ముందుమాటలా తిరగేసి వదిలేస్తారు. అది పొరపాటు. 1930 నాటి 'కాస్ట్రోవాల్వా' లితోగ్రాఫ్ చూస్తే తెలుస్తుంది: ముందు భాగంలో గడ్డిపోచలు, పురుగులు, పక్కన కొండ అంచు, కింద లోయలో దూరంగా ఇంకో ఊరు. దగ్గర, దూరం, కింద, పైన అన్నీ ఒకే చూపులో ఇమిడ్చే పట్టు అప్పటికే వచ్చేసింది. 1934లో రాత్రిపూట రోమ్‌ను చూపే చెక్క అచ్చుల వరుసలో గీతల దిశను మార్చి మార్చి ప్రయోగాలు చేశారు. నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగు అనేదే లేని చోట, గీతల మందం, ఎడం, దిశ మాత్రమే వెలుతురును చూపగలవు. ఆ లెక్క చేతికి ఎక్కింది ఈ వరుసతోనే.

అచ్చు ఎలా పడుతుంది

ఎషర్ బహుముఖ ప్రజ్ఞ అంటే రకరకాల శైలులు కాదు, రకరకాల పదార్థాలు. ఒక్కో పదార్థం ఒక్కో రకంగా మొండికేస్తుంది. ఏ బొమ్మకు ఏది పనికొస్తుందో ఎంచుకోవడంలోనే ఆయన నేర్పు సగం కనిపిస్తుంది.

చెక్క అచ్చులో పలక నార వెంట కోసి ఉంటుంది. పియర్ లాంటి గట్టి, సన్నని నార ఉన్న చెక్క మేలు. ట్రేసింగ్ కాగితం మీద గీసిన బొమ్మను బోర్లించి పలక మీదికి ఎక్కిస్తారు, ఎందుకంటే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. సంతకాన్ని కూడా తిరగేసి చెక్కాల్సిందే. కాగితం మీద తెల్లగా ఉండాల్సిన భాగాన్ని ఉలితో తొలిచేస్తారు, మిగిలిన ఎత్తు భాగమే నల్లగా పడుతుంది. నార వెంట ఉలి సాఫీగా పోతుంది, అడ్డంగా పోతే చెక్క పెచ్చులు లేస్తుంది. పోయిన గీత మళ్లీ రాదు.

చెట్టు మొద్దును అడ్డంగా కోసిన బాక్స్‌వుడ్ దిమ్మతో చేసేది వుడ్ ఎన్‌గ్రేవింగ్. ఎషర్ దీన్ని 1931లో మొదలుపెట్టారు. ఇక్కడ నార పైకి నిలబడి ఉంటుంది కాబట్టి ఏ దిక్కుకైనా బ్యూరిన్ అనే సన్న ఉలి ఒకేలా నడుస్తుంది, వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది. చిక్కల్లా బాక్స్‌వుడ్ మొద్దులు సన్నగా ఉండటమే; పెద్ద దిమ్మ కావాలంటే ముక్కలు అతకాలి.

ఇక ముద్రించడం. ఎషర్ తన చెక్క అచ్చులను ప్రెస్సులో తీసేవారు కాదు. దిమ్మకు రోలర్‌తో పలచగా సిరా పట్టించి, పైన సన్నని జపాన్ కాగితం పరిచి, ఎముకతో చేసిన చిన్న స్పూను వెనుక భాగంతో అంగుళం అంగుళం రుద్దేవారు. సిరా ఎక్కువైతే సన్న గీతలు పూడిపోతాయి, తక్కువైతే నలుపు ఇసుక చల్లినట్టు పొడిపొడిగా పడుతుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా గీత రెండుగా కనిపిస్తుంది. స్పూనుతో పనిచేయడంలో ఒక లాభం ఉంది: కాగితం ఒక మూల ఎత్తి చూసి, చాలని చోట మళ్లీ సిరా అద్ది రుద్దుకోవచ్చు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి రంగుకో అచ్చు అన్న మాట కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ అచ్చును గుడ్డ మీద అద్దుతారు, ఇక్కడ కాగితాన్నే అచ్చు మీద పరుస్తారు.

రంగు పెరిగేకొద్దీ కష్టం రెట్టింపు కాదు, అంతకుమించి పెరుగుతుంది. 1938 ఫిబ్రవరి నాటి 'పగలూ రాత్రీ' బొమ్మకు నలుపుకొకటి, బూడిద రంగుకొకటి, రెండు దిమ్మలు. మొదటి అచ్చు పడ్డాక కాగితం తేమకు సాగినా, ఎండి ముడుచుకున్నా రెండోది గీతకు గీత కూర్చోదు. ఈ ఒక్క బొమ్మకే ఆరు వందలకు పైగా ప్రతులు తీశారు, ఆయన బొమ్మల్లో అన్నిటికంటే ఎక్కువ గిరాకీ దానికే మరి.

ఆయన చివరి ప్రింటు 'పాములు' 1969 జూలైలో వచ్చింది. గొలుసు కడియాల మధ్య మూడు పాములు అల్లుకుని ఉంటాయి. మూడు రంగులకు మూడు దిమ్మలు, ఒక్కో దిమ్మ మీద బొమ్మలో మూడో వంతు మాత్రమే చెక్కి ఉంటుంది. దిమ్మను మధ్యలోని మేకు చుట్టూ 120 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడుసార్లు అచ్చు తీయాలి. అంటే ఒక్క ప్రతికి తొమ్మిది అచ్చులు. వాటిలో ఎనిమిది సరిగా పడి తొమ్మిదోది తప్పితే కాగితం చెత్తబుట్టకే. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది. అయినా ఆ పట్టు ఎక్కడా సడలినట్టు కనిపించదు.

లితోగ్రఫీ దారి వేరు. ఆయన 1929లో మొదలుపెట్టారు. నున్నగా నూరిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. కొద్ది చుక్కల నైట్రిక్ ఆమ్లం కలిపిన గమ్ అరబిక్ (తుమ్మ జాతి జిగురు) పూస్తే గీయని చోటు నీటిని పీల్చుకునేలా, గీసిన చోటు నూనె సిరాను పట్టేలా స్థిరపడుతుంది. రాయిని తడిపి రోలర్ నడిపితే సిరా గీతల మీదే అంటుకుంటుంది. చెక్కలో లేని బూడిద రంగు మెట్లన్నీ ఇక్కడ దొరుకుతాయి. గోళంలో మెరుపు, చొక్కా ముడత, రాతి నీడ లాంటివి కావాలంటే లితోనే దిక్కు. 1935 నాటి 'అద్దపు గోళం పట్టిన చెయ్యి', 1948 నాటి 'గీసుకునే చేతులు' రెండూ లితోలే. తప్పులు కూడా ఈ పద్ధతికి తగ్గట్టే ఉంటాయి: గీసేటప్పుడు వేలు ఆనితే ఆ జిడ్డు వేలిముద్రగా అచ్చులో పడుతుంది. ఆమ్లం ఘాటైతే లేత నీడలు తినేస్తుంది. రాయి ఆరిపోతే ఖాళీ చోట కూడా సిరా పట్టి మురికి పొర తేలుతుంది. రాతి అచ్చులకు బరువైన ప్రెస్ కావాలి కాబట్టి వాటిని వృత్తి ముద్రకుల చేతే తీయించేవారు. పని ముగిశాక రాయిని నూరి మరో బొమ్మకు వాడతారు. అందుకే చెక్క దిమ్మలు మిగిలినట్టు లితో రాళ్లు మిగలవు.

మెజోటింట్ 1946లో పట్టుకున్నారు. రాగిరేకును పళ్లున్న పనిముట్టుతో అన్ని దిక్కులా గీకి గరుకు చేస్తారు. ఆ దశలో అచ్చు తీస్తే కారునలుపు. ఆ గరుకును చెరిపి, నునుపు చేసుకుంటూ పోతే చీకట్లోంచి వెలుతురు పైకి తేలుతుంది. రేకు సిద్ధం చేయడానికే రోజులు పడతాయి, గరుకు త్వరగా అణిగిపోతుంది కాబట్టి మంచి ప్రతులు కొన్నే వస్తాయి. 'కన్ను', 'మంచుబొట్టు' లాంటి ఎనిమిది మెజోటింట్లు చేసి 1951తో ఆపేశారు. ఇంకా చేసి ఉంటే బాగుండేదని ఆ 'మంచుబొట్టు'లో ఆకు ఈనెలు చూసిన ఎవరికైనా అనిపిస్తుంది.

1935–37: దారి మళ్లిన మూడేళ్లు

ముస్సోలినీ పాలనలో రోమ్ ఊపిరాడనివ్వలేదు. స్కూలుకెళ్లే పెద్దకొడుకు ఫాసిస్టు బాలదళం యూనిఫారం వేసుకోవాల్సి రావడంతో 1935లో కుటుంబం స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయింది. అక్కడి మంచు కొండలు ఆయన చేతిని కదిలించలేదు. 1936లో ఒక ఓడల కంపెనీకి చిత్రమైన బేరం పెట్టారు: మధ్యధరా ప్రయాణానికి టికెట్ ఇస్తే, బదులు ఆ ప్రయాణపు బొమ్మలు అచ్చు వేసి ఇస్తానని. కంపెనీ ఒప్పుకుంది. దారిలో స్పెయిన్ రేవు కార్తహేనాలో కోటగోడలు గీస్తున్నారని గూఢచారి అనుమానంతో పట్టుకుని కాసేపు నిలబెట్టారు కూడా.

ఆ ప్రయాణంలోనే అల్‌హంబ్రాకు రెండోసారి వెళ్లి, భార్యాభర్తలిద్దరూ రోజుల తరబడి కూర్చుని గోడల పలకల అల్లికలను కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ఆ కోట కట్టిన మూరిష్ (స్పెయిన్ ముస్లిం) పనివాళ్ల గళ్లలో జీవమున్న రూపాలు లేకపోవడం ఒక్కటే ఎషర్‌కు లోటుగా తోచింది. ఆ ఖాళీలో తన పక్షుల్ని, చేపల్ని, బల్లుల్ని దింపడమే ఇక పనిగా పెట్టుకున్నారు.

1937లో బెల్జియంలోని ఉక్కెల్‌కు మారారు. ఆ ఏడాదే లైడెన్‌లో భూగర్భశాస్త్రం చెప్పే సవతి అన్న బేర్ ఈ బొమ్మలు చూశారు. స్ఫటికశాస్త్రంలో ఇదే సమస్య ఉందని చెప్పి కొన్ని పరిశోధన పత్రాల జాబితా ఇచ్చారు. వాటిలో జార్జ్ పోయా 1924లో రాసిన పత్రం ఒకటి. చదునైన తలాన్ని పునరావృతంతో నింపే సౌష్టవ పద్ధతులు సరిగ్గా 17 అని చెబుతూ, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అందులో ఉంది. గణితం ఎషర్‌కు అంతుపట్టలేదు, ఆ 17 బొమ్మల్ని మాత్రం నోట్‌బుక్‌లోకి దించుకున్నారు. వాటి ఆధారంగా 1941–42 నాటికి సొంత వర్గీకరణ తయారు చేసుకున్నారు. పక్కపక్క ముక్కలకు ఒకే రంగు రాకుండా ఎన్ని రంగులు చాలుతాయన్న ప్రశ్నను కూడా అందులో కలిపారు. స్ఫటిక శాస్త్రజ్ఞులు రంగు సౌష్టవాన్ని గట్టిగా పట్టించుకోవడం 1950లలోగానీ మొదలవలేదు.

1941లో కుటుంబం బార్న్‌కు చేరింది. అప్పటికి నెదర్లాండ్స్ నాజీల చేతిలో ఉంది. 1944లో యూదుడైన గురువు మెస్కిటాను, భార్యను పట్టుకుపోయి ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపేశారు. కొడుకు కూడా బతకలేదు. విషయం తెలియక చూడడానికి వెళ్లిన ఎషర్‌కు ఖాళీ ఇల్లు, నేల మీద చెల్లాచెదురైన బొమ్మలు కనిపించాయి. చేతికి అందినన్ని పోగుచేసి దాచారు. జర్మన్ సైనికుడి బూటు ముద్ర పడ్డ కాగితం ఒకటి చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నారు.

ఒక బల్లి ఎలా ఇముడుతుంది

అల్లిక బొమ్మలు చూడటానికి మాయలా ఉంటాయి, పద్ధతి మాత్రం చేతితో చేసి చూడగలిగినదే. 1939 నాటి 25వ నంబరు బల్లుల డ్రాయింగునే తీసుకుంటే, దాని ఎముకలగూడు సమ షడ్భుజి. మూలలకు వరుసగా 1 నుంచి 6 దాకా అంకెలు వేసుకోవాలి. 1 నుంచి 2కి వెళ్లే భుజం బదులు నచ్చిన వంకర గీత గీసి, దాన్ని 1వ మూల దగ్గర 120 డిగ్రీలు తిప్పితే 1–6 భుజం మీద పడుతుంది. 3–2 భుజం గీతను 3వ మూల చుట్టూ తిప్పి 3–4 మీద, 5–4 గీతను 5వ మూల చుట్టూ తిప్పి 5–6 మీద వేయాలి. ఇలా మూడే గీతలు మనవి, మిగతా మూడు వాటంతటవే వస్తాయి. ఒక భుజంలో బయటికి పొడుచుకొచ్చిన కాలు, దాని జోడు భుజంలో లోపలికి చంకలా దిగుతుంది. అందుకే ఖాళీ మిగలదు.

చాలామంది తప్పు చేసేది తిప్పడానికి బదులు అద్దంలో బొమ్మలా బోర్లించడంలో. అప్పుడు ఉబ్బుకు ఉబ్బు ఎదురై ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. రెండో తప్పు, వంకరలు లోతుగా పోయి ఎదుటి భుజం గీతను దాటడం. అంతా సరిగా వచ్చినా అసలు కష్టం మిగిలే ఉంటుంది: మూడు గీతలతో వచ్చిన ఆకారం బల్లిలా కనిపించాలి. తోక మార్చితే పక్క బల్లి మెడ మారుతుంది. ఈ సర్దుబాటుకు సూత్రం లేదు, చెరపడం, గీయడం అంతే. ఒక్కో మూల దగ్గర మూడు బల్లులు కలుస్తాయి కాబట్టి మూడు రంగులు కావాలి. ఇలాంటి నంబరు వేసిన డ్రాయింగులు ఆయన 137 చేశారు. బల్లులు కాగితంలోంచి లేచి బల్ల మీద పాకి మళ్లీ కాగితంలోకి దిగే 1943 నాటి లితోగ్రాఫ్‌కు ఈ 25వ నంబరే ఆధారం.

1958లో కెనడా గణితవేత్త కాక్స్‌టర్ పంపిన పత్రంలోని ఒక పటం మరో తలుపు తెరిచింది. అంచుకు పోయేకొద్దీ ముక్కలు చిన్నవవుతూ, వృత్తం లోపలే అనంతం ఇమిడే పటం అది. వ్యాసం అర్థం కాకపోయినా పటంలో చాపాలు (వృత్తపు ముక్కల్లాంటి వంపు గీతలు) ఎలా వచ్చాయో వృత్తలేఖినితో తానే వెనక్కి లెక్కగట్టి 'వృత్త పరిమితి' వరుస నాలుగు చెక్కారు. 1959 నాటి మూడోదానికి అయిదు దిమ్మలు, వృత్తం అడ్డకొలత 41.5 సెంటీమీటర్లు. చేపల వెన్ను వెంట పోయే తెల్ల చాపాలు వృత్తపు అంచును లంబంగా కాకుండా దాదాపు 80 డిగ్రీల దగ్గర తాకాలని కాక్స్‌టర్ తర్వాత త్రికోణమితితో నిరూపించారు. ఎషర్ చెక్కినవి ఆ లెక్కకు మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయాయి. ఫార్ములా తెలిసిన చెయ్యి కాదది.

మూల మూలా నిజం, మొత్తం అబద్ధం

1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ గణితవేత్తల మహాసభ జరిగింది. దానితో పాటు స్టెడెలిక్ మ్యూజియంలో ఎషర్ ప్రదర్శన పెట్టారు. అది చూసిన కుర్ర గణితవేత్త రోజర్ పెన్రోజ్, వెళ్లిపోయాక మూడు దూలాల అసాధ్య త్రిభుజం గీశారు. తండ్రి లయొనెల్ ఎప్పటికీ ఎక్కుతూనే ఉండే మెట్లు కనిపెట్టారు. ఇద్దరూ 1958లో ఒక మనస్తత్వశాస్త్ర పత్రికలో వేసిన వ్యాసం తిరిగి ఎషర్‌కే చేరింది. దాని నుంచి పుట్టినవే 1960 నాటి 'ఎక్కడం దిగడం', 1961 నాటి 'జలపాతం'.

'జలపాతం'లో ఉన్నది ఒకదానితో ఒకటి అతికిన మూడు పెన్రోజ్ త్రిభుజాలు. ఏ మూలను వేలితో కప్పి చూసినా మిగతాది సక్రమమైన కట్టడమే. కాలువ గోడ మెట్లుమెట్లుగా దిగుతూ నీరు పల్లానికి పోతోందని చెబుతుంది, కింది స్తంభాలు మాత్రం ఆ కాలువ కొసను పై అంతస్తులో నిలబెడతాయి. కన్ను ఒక్కో కలయికనూ విడిగా నమ్ముతుంది, అన్నిటినీ కలిపి సరిచూసుకోదు. మోసం ఆ సందులోనే ఉంది. చుట్టూ ఉన్నదంతా మామూలుగా ఉండాలి: తీగకు ఆరేసిన బట్టలు, గోడకు ఆనుకుని చూస్తున్న మనిషి, వెనుక మెట్లుగా చదును చేసిన పొలాలు. ఇటలీలో పన్నెండేళ్లు రాయి, గోడ, నీడ గీసిన చెయ్యి కాకపోతే ఈ నమ్మకం కుదిరేది కాదు. ఇదే త్రిభుజాలను ఉత్త గీతలుగా గీస్తే పజిల్ అవుతుంది, బొమ్మ కాదు. నీరు కొంత ఆవిరైపోతుంది కాబట్టి మిల్లు మనిషి అప్పుడప్పుడు ఒక బకెట్ పోస్తే చాలని ఎషర్ కొంటెగా అనేవారు.

1958 నాటి 'బెల్వెడేర్'లో గుట్టు ఆయనే బయటపెట్టారు. రెండంతస్తుల మండపంలో నిచ్చెన కింద లోపల మొదలై పైన బయట ఆనుతుంది. కింద బెంచీ మీద కూర్చున్న కుర్రాడి చేతిలో కుదరని ఘనం, పాదాల దగ్గర కాగితం మీద మామూలు ఘనపు గీతల పటం. అందులో రెండు గీతలు దాటుకునే రెండు చోట్ల సున్నాలు చుట్టి ఉంటాయి. ఏ గీత ముందు, ఏది వెనుక అన్నది గీసినవాడి ఇష్టం. పై మండపం మొత్తం ఆ రెండు సున్నాల మీదే నిలబడింది.

1956 నాటి 'ప్రింట్ గ్యాలరీ'ది ఇంకో రకం చిక్కు. ఒక కుర్రాడు గ్యాలరీలో ఒక ప్రింటు చూస్తుంటాడు. అందులో మాల్టా రేవు, రేవులో ఇళ్లు, ఒక ఇంటి కింద గ్యాలరీ, ఆ గ్యాలరీలో ఆ కుర్రాడే. బొమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగేసరికి అంతా 256 రెట్లు పెరిగేలా గళ్లను వంచి గీశారు. మధ్యలో మాత్రం గుండ్రటి తెల్ల ఖాళీ వదిలి, సంతకం పెట్టారు. ఆ ఖాళీలో ఏముండాలో లైడెన్ విశ్వవిద్యాలయంలోని హెండ్రిక్ లెన్‌స్ట్రా, బార్ట్ దె స్మిట్ 2003లో ప్రకటించిన వ్యాసంలో తేల్చారు. ఈ బొమ్మలో దాని ప్రతి ఒకటి దాదాపు 157.6 డిగ్రీలు తిరిగి, సుమారు 22.6 రెట్లు చిన్నదై కూర్చుంటుంది, దానిలో మరొకటి, అలా అంతూపొంతూ లేకుండా. క్రేయాన్‌తో ఆ చిన్న చోట అది గీయడం ఎవరి వల్లా కాదు. ఖాళీ వదలడమే సరైన నిర్ణయం.

రోజువారీ పనులు

ప్రదర్శనల గోడలకు ఎక్కని పని కూడా బోలెడుంది. 1935లో విమానయాన నిధి కోసం తపాలా బిళ్ల, 1949లో ప్రపంచ తపాలా సంఘం 75వ వార్షికోత్సవ బిళ్ల. 1940–41లో లైడెన్ పురభవనానికి రంగు చెక్కల పొదుగుడు పలకలు. 1951లో ఐంధోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీకి పైకప్పు అలంకరణ. 1950ల మొదట్లో కరెన్సీ నోట్లకు డిజైన్లు కూడా గీశారు, అవి చలామణిలోకి రాలేదు. 1963లో ఒక డబ్బాల తయారీ కంపెనీకి ఇరవై ముఖాల మిఠాయి డబ్బా చేశారు, దాని మీద నక్షత్ర చేపలు, గవ్వలు. పుస్తక యజమానుల చీటీలు, చుట్టే కాగితాలు, పలకలు పొదిగిన స్తంభాలు వీటికి అదనం.

అన్నిట్లో పెద్దది 'రూపాంతరం'. 1939–40లో చేసిన రెండోదానికి 20 దిమ్మలు, పొడవు దాదాపు 3.9 మీటర్లు. హేగ్ పోస్టాఫీసు గోడ కోసం 1967–68లో దాన్ని మరిన్ని దిమ్మలతో 6.8 మీటర్లకు పొడిగించి, గోడకు తగ్గట్టు పెద్దది చేయించారు. ఆ గోడబొమ్మ ఇప్పుడు స్కిపోల్ విమానాశ్రయంలో ఉంది.

పేరు ఎందుకు ఆలస్యంగా వచ్చింది

1951లో అమెరికా పత్రికలు టైమ్, లైఫ్ రాసిన తర్వాతే ఆర్డర్లు వెల్లువెత్తాయి. 1961 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ ముఖచిత్రం, మార్టిన్ గార్డ్‌నర్ వ్యాసం ఆయనను శాస్త్రజ్ఞుల ఇళ్లలోకి చేర్చాయి. 1965లో స్ఫటికశాస్త్రవేత్త కరోలినా మాక్‌గిలావ్రీ ఆయన అల్లిక బొమ్మలనే పాఠాలుగా పెట్టి పుస్తకం వేశారు. కళావిమర్శకులు మాత్రం దూరంగా ఉన్నారు. ఆ కాలం అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌ది, చేతి ఆవేశానిది. ఎషర్ బొమ్మలో ఆవేశం కనపడదు, కనపడనివ్వరు. పైగా అడిగినవాళ్లకు అడిగినన్ని ప్రతులు తీసి తక్కువ ధరకు అమ్మేవారు. కొరత లేని చోట కళా మార్కెట్‌కు ఆసక్తి తక్కువ. హేగ్‌లో పెద్ద పునరవలోకన ప్రదర్శన జరిగేసరికి 1968 వచ్చింది, ఆయనకు డెబ్భై నిండాయి.

హిప్పీ తరం పోస్టర్లు చేసి గోడలకు అంటించుకోవడం ఆయనకు అంతగా రుచించలేదు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ రికార్డు అట్ట కోసం రాసిన ఉత్తరంలో పేరు పెట్టి మౌరిట్స్ అని సంబోధిస్తే, పని ఒప్పుకోకపోవడమే కాక, తనను అలా పిలిచేంత చనువు లేదని చెప్పి పంపారు. 1970లో లారెన్‌లోని కళాకారుల వృద్ధాశ్రమానికి మారారు. 1972 మార్చి 27న హిల్వర్‌సమ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన బొమ్మలకే కేటాయించిన మ్యూజియం 2002 నుంచి హేగ్‌లోని పాత రాజభవనంలో నడుస్తోంది.

ఇప్పటికీ ఎక్కువమందిని తికమక పెట్టేది హక్కుల సంగతి. టీషర్టులు, ఫోన్ కవర్లు, యాప్‌లలో ఈ బొమ్మలు విరివిగా కనిపిస్తాయి కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చనుకుంటారు. యూరప్‌లో కళాకారుడు పోయిన ఏడాది తర్వాత 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే 2042 చివరిదాకా. భారత చట్టం ప్రకారం గడువు 60 ఏళ్లు కాబట్టి ఇక్కడ 2032 చివరికి తీరుతుంది. ఎషర్ ఖాళీ ఇంటి నేల మీదనుంచి ఏరి దాచిన మెస్కిటా బొమ్మలు మాత్రం యూరప్‌లో 2015 జనవరి 1 నుంచే అందరివీ అయ్యాయి.